ఇంట్లో వైన్ టేస్టింగ్ పెట్టడం ఎలా: పది మంది, ఆరు సీసాలు, ఒక సాయంత్రం

హైదరాబాద్‌లో మా వైన్ క్లబ్‌కి కొత్తగా వచ్చేవాళ్లు, విజయవాడ వైజాగ్‌లలో సొంతంగా ఒక గ్రూప్ మొదలుపెడదామనుకునేవాళ్లు అందరూ అడిగేది ఇదే, టేస్టింగ్ అసలు ఎలా పెట్టాలి, ఎన్ని సీసాలు కావాలి, ఏది ముందు పోయాలి, నోట్లో పోసుకున్నాక ఏం చెయ్యాలి అని. విడివిడిగా చెప్తే ఏదో ఒకటి మిస్ అవుతోంది, అందుకే మొత్తం ఒకచోట వరసగా రాస్తున్నా.

మన ఊళ్లలో టేస్టింగ్ చెడిపోయిందంటే చాలావరకు తప్పు వైన్‌ది కాదు, వేడిది, గదిలో వాసనలది, తొందరది. ఈ మూడింటినీ ముందే అదుపులో పెట్టేస్తే మామూలు సీసా కూడా బాగుంటుంది, పెట్టకపోతే ఐదు వేల రూపాయల సీసా తెచ్చినా దండగే.

1. లెక్క ముందు తేల్చుకోండి

సీసా 750 ఎంఎల్. టేస్టింగ్‌లో ఒక్కొక్కళ్లకి 50 ఎంఎల్ చాలు. ఆ లెక్కన 15 మందికి రావాలి కానీ ఒలికేది ఉంటుంది, ఇంకోసారి వాసన చూస్తామనేవాళ్లు ఉంటారు, కాబట్టి సీసాకి 10 మంది అనుకోండి, 12 దాటనివ్వకండి.

ఆరు రకాలు × 50 అంటే 300 ఎంఎల్. వైన్‌లో ఆల్కహాల్ ఎక్కువగా 12 నుంచి 14 శాతం మధ్య ఉంటుంది, అంటే మొత్తం మింగేస్తే రెండు పెద్ద గ్లాసులు తాగినట్టే. ఎనిమిది, పది రకాలు పెడదామని ఎవరో ఒకరు ఉత్సాహపడతారు, వద్దు, ఆరో రకం దాటాక నాలుక పనిచెయ్యదు, రాసుకునే కాగితం మీద అన్నిటికీ ‘బాగుంది’ అనే ఉంటుంది. మొదటిసారి పెట్టేవాళ్లు నాలుగుతో ఆపినా తప్పేం లేదు.

కళ్లతో చూసి పోస్తే మొదటి ముగ్గురికి ఎక్కువ, చివర్లో కూర్చున్నవాళ్లకి అడుగు మడ్డి వస్తుంది. పెగ్ మెజర్ తీస్కుని ఒక గ్లాసులో 50 ఎంఎల్ నీళ్లు పోసి ఎంత ఎత్తుకి వచ్చిందో చూస్కోండి, ఆ ఎత్తు గుర్తుపెట్టుకుని అన్నీ అంతే పొయ్యండి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. తెలంగాణలో, ఆంధ్రలో 21 ఏళ్లు నిండనివాళ్లకి పొయ్యకూడదు. ఇంట్లో స్నేహితులు కలిసి సీసాల ఖర్చు పంచుకోవడం వేరు, హాల్ తీస్కుని టికెట్ పెట్టి పొయ్యడం వేరు, రెండోదానికి ఎక్సైజ్ శాఖ పర్మిట్ కావాలి. వేరే రాష్ట్రం నుంచి కార్లో సీసాలు తెద్దామనుకున్నా ముందు ఎక్సైజ్ ఆఫీసులో కనుక్కోండి.

2. ఒక థీమ్ పెట్టుకోండి

తలా ఒక సీసా తెచ్చుకోండి అంటే ఒకదానికొకటి సంబంధం లేనివి ఆరు వస్తాయి, పోల్చి చూడ్డానికి ఏమీ ఉండదు. థీమ్ ఉంటేనే నేర్చుకునేది ఉంటుంది. బాగా పనిచేసేవి ఇవి:

- ఒకే ద్రాక్ష, వేర్వేరు కంపెనీలు. నాసిక్ షిరాజ్ పక్కన ఆస్ట్రేలియా షిరాజ్ పెట్టి చూడండి, తేడా కొత్తవాళ్లకి కూడా దొరుకుతుంది.
- ఒకే కంపెనీ, వేర్వేరు ద్రాక్షలు.
- ఓక్ (ఒక రకం చెక్క) పీపాలో పెట్టింది, పెట్టనిది.
- ఒకే వైన్, రెండు టెంపరేచర్లు. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

మొదటిసారికి మన దేశం వైన్లతోనే ఒక సెట్ కావాలంటే షాన్‌డాన్ బ్రూట్, సులా సావిన్యాన్ బ్లాంక్, సులా షెనిన్ బ్లాంక్ (దీన్లో కొంచెం తీపి ఉంటుంది), ఫ్రాటెల్లి సాంజొవేసే, గ్రోవర్ జంపా లా రిజర్వ్, సులా దిండోరి రిజర్వ్ షిరాజ్. నాసిక్, సోలాపూర్ జిల్లా అక్లూజ్, బెంగళూరు దగ్గర నంది హిల్స్ మూడూ వచ్చేస్తాయి. ఇవే దొరకాలని ఏం లేదు, బుడగలది (స్పార్క్లింగ్ వైన్) ఒకటి, తెల్లవి రెండు, ఎర్రవి మూడు అనే లెక్క ఉంచుకుంటే చాలు.

3. కొనేటప్పుడు చూడాల్సినవి

మన వైన్స్‌లలో అమ్మకం అంతా విస్కీ, బీరుదే. వైన్ సీసాలు పైఅరలో, ట్యూబ్‌లైట్ కిందో ఎండ పడే అద్దం పక్కనో నెలల తరబడి నిలబడి ఉంటాయి. అందుకని ఏసీ ఉన్న పెద్ద షాపుకి వెళ్లండి, వెళ్లాక కూడా సీసా చేతిలోకి తీస్కుని చూడండి:

- లేబుల్ మీద ఏ సంవత్సరం ఉంది? మన దగ్గర ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా ఉంటుంది, తెల్లవైన్ అదే ఏడాది షాపుకి వచ్చేస్తుంది. షెనిన్, సావిన్యాన్ లాంటివి ఏడాది, రెండేళ్ల లోపువి తీస్కోండి, నాలుగేళ్ల కిందటిది ఆఫర్‌లో ఇస్తున్నా వదిలెయ్యండి.
- కార్క్ పైకి ఉబ్బిందా? మూత కింద జిగటగా కారిందా? వేడికి ఉడికిపోయిన సీసా అది.
- మెడ దగ్గర వైన్ మట్టం పక్క సీసాల కంటే బాగా కిందకి ఉందా?
- సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉందా?

కొన్నాక కార్ డిక్కీలో పెట్టి వేరే పనులకి తిరగొద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క మధ్యాహ్నం చాలు పాడవ్వడానికి.

శాకాహారులు ఉంటే ఒక విషయం ముందే చెప్పాలి. వైన్‌ని తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, చేప నుంచి తీసిన పదార్థం, పాల ప్రొటీన్ వాడతారు, అది వడపోతలో పోయినా కొంతమందికి పట్టింపు ఉంటుంది. వీగన్ (జంతువుల నుంచి వచ్చేవేవీ వాడనిది) అని రాసినవి కూడా దొరుకుతాయి, వాళ్ల కోసం అవి చూడండి.

4. గదిలో వాసనలు తీసెయ్యండి

వైన్ రుచి అని మనం అనేదాంట్లో చాలా భాగం ముక్కు పనే. గదిలో ఇంకో గట్టి వాసన ఉంటే వైన్ ఓడిపోతుంది. మన ఇళ్లలో ఇది ఎక్కడినుంచి వస్తుందంటే పొద్దున వెలిగించిన అగరుబత్తి, సాంబ్రాణి, బాత్రూమ్ ఫ్రెష్‌నర్, ఫినాయిల్‌తో తుడిచిన నేల, పక్కన వంటింట్లో ఇంగువ పోపు. ఇవేవీ ఇంటివాళ్లకి తెలియవు, అలవాటైపోయి ఉంటాయి, బయటినుంచి వచ్చినవాళ్లకి గుమ్మంలోనే తెలుస్తుంది.

పిలిచేటప్పుడే మెసేజ్‌లో ఇది పెట్టెయ్యండి:

- సెంటు, అత్తరు, డియోడరెంట్ ఎక్కువ కొట్టుకుని రావద్దు
- మల్లెపూలు ఆ రోజుకి వద్దు
- వచ్చే ముందు గంటలో కాఫీ, కిళ్లీ, వక్కపొడి, సిగరెట్, మింట్ వద్దు
- ఖాళీ కడుపుతో రావద్దు, ఇడ్లీయో పెరుగన్నమో కారం లేనిది ఏదైనా తినిరండి

మల్లెపూల సంగతి చెప్పడానికి మొహమాటపడతారు కానీ చెప్పాలి, ఒక్కళ్ల జడలో ఉన్నా టేబుల్ మొత్తానికి అన్ని గ్లాసుల్లోనూ అదే వాసన వస్తుంది.

వంట ఉంటే టేస్టింగ్‌కి రెండు గంటల ముందే ముగించి, కిటికీలు తీసి, ఫ్యాన్ వేసి గాలి ఆడనివ్వండి, తర్వాత కిటికీలు మూసి ఏసీ వేస్కోండి. లైట్ తెల్లది ఉండాలి, పసుపు బల్బు కింద రంగు తెలియదు.

5. గ్లాసులు, టేబుల్

పొట్ట వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉన్న కాడ గ్లాసు కావాలి, వాసన లోపల నిలబడ్డానికి. టేస్టింగ్ కోసమే 215 ఎంఎల్ ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) గ్లాసు అని ఒక కొలత ఉంది, ఆన్‌లైన్‌లో దొరికితే అవి తీస్కోండి, క్లబ్ డబ్బుతో ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి. స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ కప్పు రెండూ వద్దు. మనిషికి ఆరు గ్లాసులు కుదరకపోతే రెండు ఇవ్వండి, ఒకటి తెల్లవాటికి ఒకటి ఎర్రవాటికి.

గ్లాసులు కడిగాక ఖాళీ గ్లాసుని వాసన చూడండి. అట్టపెట్టె వాసన, నిమ్మకాయ సబ్బు వాసన, తడిగుడ్డ వాసన వస్తూ ఉంటాయి. వేడినీళ్లతో మళ్లీ కడిగి, ఉతికిన కాటన్ గుడ్డతో తుడవండి, బోరు నీళ్లైతే ఆరబెట్టి వదిలేస్తే తెల్లమచ్చలు పడతాయి.

ఒక్కొక్కళ్ల ముందు ఉండాల్సినవి:

- తెల్లటి ఏ4 కాగితం, దాని మీద 1 నుంచి 6 వరకు అంకెలు వేసిన గుండ్రాలు (గ్లాసులు కలిసిపోకుండా, రంగు తెల్లదాని మీద చూడ్డానికి)
- పెన్ను, రాసుకోడానికి ఇంకో కాగితం
- మంచినీళ్ల గ్లాసు
- రుచి చూశాక ఉమ్మడానికి పేపర్ కప్పు, మధ్యలో పారబొయ్యడానికి ఒక పెద్ద గిన్నె
- ఉప్పు లేని మరమరాలు, లేదా మామూలు బ్రెడ్ ముక్కలు

మరమరాలు మన దగ్గర దొరికే వాటిలో అన్నిటికంటే మంచివి, ఏ రుచీ వదలవు. చిప్స్, చీజ్, వేయించిన జీడిపప్పు టేస్టింగ్ అయ్యేదాకా టేబుల్ మీదకి రాకూడదు.

6. టెంపరేచర్, అన్నిటికంటే ముఖ్యం

ఎర్రవైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అని అందరూ చెప్తారు. అది చలిదేశాల గది. మన గది మార్చి దాటితే 30 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో ఎర్రవైన్ పోస్తే ముక్కుకి ముందు స్పిరిట్ ఘాటు తగులుతుంది, పులుపు చచ్చిపోయినట్టుంటుంది, పండు వాసన ఉడికిన జామ్ వాసన అయిపోతుంది. కొత్తవాళ్లు ఎర్రవైన్ నాకు పడదు అనేది ఎక్కువగా ఇలా తాగినవాళ్లే.

ఉండాల్సింది ఇంత (తేలిక అంటే నోట్లో పల్చగా, బరువు అంటే చిక్కగా అనిపించేది):

- బుడగలది: 6–8 డిగ్రీలు
- తేలిక తెల్లవి, రోజే (గులాబీరంగు వైన్): 8–10
- ఓక్‌లో పెట్టిన షార్డనే లాంటి బరువు తెల్లవి: 10–13
- తేలిక ఎర్రవి: 13–15
- బరువు ఎర్రవి: 16–18

దీనికి మన ఇంట్లో చెయ్యాల్సింది:

తెల్లవి, బుడగలవి పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. ఫ్రిజ్ 4–5 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి తెల్లవి పొయ్యడానికి 15 నిమిషాల ముందు బయట పెట్టండి, బుడగలది మాత్రం పొయ్యబోయేముందు తియ్యండి. ఎర్రవి కూడా ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎండాకాలం అయితే గంట నుంచి గంటన్నర, చలికాలం అరగంట.

మర్చిపోయారా? బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు రాళ్లుప్పు వేసి సీసా మెడదాకా ముంచండి, అరగంటలో తెల్లవైన్ రెడీ, ఎర్రదానికి పది నిమిషాలు చాలు. ఉత్త ఐసు ముక్కల మధ్య పెడితే ఆలస్యం అవుతుంది, నీళ్లుంటేనే చల్లదనం సీసా అంతా పడుతుంది. ఫ్రీజర్‌లో పెడితే అలారం పెట్టుకోండి, గడ్డకడితే కార్క్ బయటకి తన్నేస్తుంది, సీసా కూడా పగలొచ్చు.

మరీ చల్లగా పోసినా ఇబ్బందే, వాసన రాదు, ఎర్రదాంట్లో వగరు పెరుగుతుంది. అప్పుడు గ్లాసు పొట్టని రెండు చేతులతో పట్టుకుని కాసేపు ఉంచితే సరిపోతుంది. చల్లదనం తగ్గించడం తేలిక, పెంచడం కష్టం, కాబట్టి రెండు డిగ్రీలు తక్కువలోనే మొదలుపెట్టండి. వంటకి వాడే థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే అంచనాలు వెయ్యాల్సిన పని ఉండదు.

7. సీసా తెరవడం

కార్క్ ఉన్నవాటికి మడత కార్క్‌స్క్రూ చాలు. రేకుని సీసా మూతి అంచు కింద కొయ్యండి, స్క్రూని నట్టనడుమ పెట్టి నిటారుగా తిప్పండి, ఒక మెలిక బయట ఉండగా ఆపి లాగండి.

కార్క్ సగంలో విరిగితే కంగారుపడొద్దు, మిగిలినదాన్లోకి స్క్రూ ఏటవాలుగా దింపి మెల్లగా లాగండి. రాకపోతే లోపలికి నెట్టేసి, టీ వడగట్టే జాలీ (కొత్తది, టీ వాసన లేనిది) మీదుగా గాజు జగ్గులోకి వంచెయ్యండి, రుచికి ఏం కాదు.

బుడగల సీసాలో ఒత్తిడి బాగా ఎక్కువ, ఐదారు అట్మాస్ఫియర్లు ఉంటుంది. తీగ విప్పినప్పటినుంచి బొటనవేలు కార్క్ మీదనుంచి తియ్యకండి. సీసా కొంచెం వంచి, మూతి మనుషుల వైపు కాకుండా గోడ వైపు పెట్టి, కార్క్‌ని గట్టిగా పట్టుకుని కింద సీసాని తిప్పండి. ‘ఫట్’ మని పేలితే సగం నురగ నేలపాలు, మెల్లగా ‘స్స్’ మంటే సరిగ్గా తెరిచినట్టు.

బరువు ఎర్రవైన్ ఈమధ్య ఏడాదిదైతే గాలి తగలడానికి అరగంట ముందు గాజు జగ్గులోకి వంచండి. కార్క్ తీసి సీసా అలాగే వదిలేస్తే పెద్ద లాభం లేదు, ఆ చిన్న మూతిలోంచి గాలి ఎంతని తగులుతుంది.

తెరిచినవాళ్లు ప్రతి సీసానీ ముందు తాము వాసన చూసి, అప్పుడు అందరికీ పొయ్యాలి. చెడిపోయింది దొరికితే దీనివల్లే పట్టుబడుతుంది.

8. పోసే వరస

బుడగలది → తేలిక తెల్లది → బరువు తెల్లది → రోజే → తేలిక ఎర్రది → బరువు ఎర్రది → తియ్యటిది. తీపి ముందు పోస్తే తర్వాత వచ్చే డ్రై (తీపి లేని) వైన్ నిమ్మరసంలా అనిపిస్తుంది. పై సెట్‌లో షెనిన్‌ని సావిన్యాన్ తర్వాత పెట్టింది అందుకే, తర్వాత నీళ్లు తాగి రెండు మరమరాలు నమిలి ఎర్రవాటికి వెళ్లండి.

పేర్లు కనపడకుండా పెట్టాలంటే ఒకళ్లు సీసాలని కాగితం సంచుల్లో పెట్టాలి, వేరొకళ్లు అంకెలు వెయ్యాలి, అప్పుడు ఎవరికీ తెలియదు. మెడ రేకు మొత్తం పీకెయ్యండి, రంగు చూసి కంపెనీ చెప్పేస్తారు.

9. రుచి చూసే పద్ధతి

ఒక్కో వైన్‌కి పది నిమిషాలు ఇవ్వండి.

*చూడ్డం.* గ్లాసు వంచి తెల్లకాగితం మీద పెట్టండి. తెల్లవైన్ వయసు పెరిగేకొద్దీ బంగారు రంగుకి, ఎర్రది అంచుల్లో ఇటుక రంగుకి తిరుగుతుంది. ఒక నిమిషం చాలు.

*వాసన.* తిప్పకుండా ఒకసారి, టేబుల్ మీదే పెట్టి గుండ్రంగా తిప్పి ఇంకోసారి. పొడుగ్గా పీల్చొద్దు, చిన్న చిన్నగా రెండు మూడు సార్లు చాలు. ఏదో ఒక పేరు చెప్పాలని కష్టపడకండి, ముందు ఏ గుంపు అనేది చూడండి: పండా, పువ్వా, ఆకా, మసాలా దినుసా, పొగా. తర్వాత అందులో ఏది అని వెళ్లండి. సావిన్యాన్‌లో జామకాయ, కోసిన గడ్డి, షిరాజ్‌లో మిరియాలు, నేరేడు, కాబెర్నే అనే ఎర్రవైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన పట్టుకోవడం కొత్తవాళ్లకి తేలిక.

దీనికి మేము చేసేది ఒకటుంది. చిన్న గిన్నెల్లో దంచిన మిరియాలు, లవంగం, నిమ్మతొక్క, జామ ముక్క, అంజీర్, క్యాప్సికం ముక్క విడివిడిగా వేసి, పైన ప్లేట్లు మూసి పక్క గదిలో పెడతాం. ఎవరికైనా ‘తెలిసిన వాసనే, పేరు రావట్లేదు’ అనిపిస్తే లేచి వెళ్లి మూత తీసి చూసుకుని వస్తారు. పుస్తకంలో చదివి పేర్లు బట్టీపట్టడం కంటే ఇది చాలా నయం.

*నోట్లో.* ఒక చెంచాడు తీస్కుని ఐదు సెకన్లు నోరంతా తిప్పండి. వరసగా ఇవి చూడండి:

- తీపి: నాలుకకి ఎంత తగులుతోంది? పండు వాసన తీపిగా భ్రమ కలిగిస్తుంది, అనుమానం వస్తే ముక్కు మూసుకుని చూడండి.
- పులుపు: మింగాక లేదా ఉమ్మాక దవడల పక్క నీళ్లూరుతున్నాయా? ఎంతసేపు?
- వగరు: చిగుళ్లు, చెంపలు బిగుసుకుంటున్నాయా? పచ్చి అరటికాయ కొరికితే పట్టేది అదే.
- వేడి: గొంతులో మంట ఎంత?
- నిలకడ: రుచి ఎన్ని సెకన్లు ఉంది?

ప్రతిదానికీ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రాస్తే చాలు. వందకి ఇన్ని మార్కులు అని వెయ్యడం నాకు నచ్చదు, అంకె వేసేశాక మనిషి ఇంక వైన్ వైపు చూడడు.

కొత్తవాళ్లు ఉంటే ముందు నాలుగు గ్లాసులతో కసరత్తు చేయించండి: నిమ్మకాయ పిండిన నీళ్లు, పంచదార నీళ్లు, చల్లారిన గట్టి బ్లాక్ టీ, కొంచెం వోడ్కా కలిపిన నీళ్లు. పులుపు, తీపి, వగరు, ఆల్కహాల్ వేడి నోట్లో ఎలా తెలుస్తాయో పది నిమిషాల్లో పట్టుబడుతుంది. పులుపుకీ వగరుకీ మధ్య తికమక దాదాపు అందరికీ ఉంటుంది, దీంతో పోతుంది.

ఉమ్మడం మర్యాద కాదని మనవాళ్లు మింగేస్తారు. మొదటి వైన్‌కే హోస్ట్ అందరి ముందు కప్పులో ఉమ్మి చూపిస్తే మిగతావాళ్లకి బెరుకు పోతుంది.

10. ముందు రాయండి, తర్వాతే మాట

పోసిన తర్వాత మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఒక సీనియర్ ‘ఆహా, లవంగం’ అన్నాడంటే మిగతా తొమ్మిది మందికీ లవంగమే వస్తుంది, వాళ్ల ముక్కు ఇంక పనిచెయ్యదు. అందరూ రాశాక అందరికంటే కొత్తవాళ్లతో మొదలుపెట్టండి, బాగా తెలిసినవాళ్లు చివర్లో చెప్పాలి. ధర అన్నిటికంటే చివర.

11. వైన్ తేడాగా ఉంటే

- తడిసిన అట్ట, బూజు వాసన: కార్క్ దోషం. ఏం చేసినా పోదు, పక్కన పెట్టి ఇంకో సీసా తెరవండి. కానీ పారబొయ్యకుండా అందరికీ ఒకసారి వాసన చూపించండి, ఇలాంటిది నేర్చుకునే అవకాశం అరుదు.
- కోసి వదిలేసిన ఆపిల్ వాసన, తెల్లవైన్ గోధుమ రంగు: గాలి తగిలి పోయింది.
- వెనిగర్, గోళ్లరంగు తుడిచే మందు వాసన: ఘాటుగా ఉంటే పోయినట్టే.
- కుళ్లిన గుడ్డు, కాల్చిన అగ్గిపుల్ల వాసన: ఇది బాగవ్వొచ్చు. జగ్గులోకి వంచి బాగా తిప్పి పావుగంట ఆగండి.
- గ్లాసు అడుగున గాజు ముక్కల్లా మెరిసే గింజలు: దోషం కాదు, ద్రాక్షలోని ఆమ్లం చల్లదనానికి గడ్డకట్టింది.

అందుకే ఎప్పుడూ ఒక సీసా ఎక్స్‌ట్రా ఉంచుకోవాలి.

12. తిండి తర్వాతే

గ్లాసులు ఆరూ అయ్యాక భోజనం పెట్టండి. మిర్చి బజ్జీలు, కారప్పూస పక్కన వగరెక్కువ ఎర్రవైన్ పెడితే మంట రెట్టింపవుతుంది. కారం కూరలకి కొంచెం తీపి ఉన్న, చల్లటి షెనిన్ గానీ రీస్లింగ్ (ఇంకో తెల్లవైన్) గానీ బాగా కుదురుతుంది. గోంగూర, చింతపండు పులుసులకి వాటితో సమానంగా పులుపున్న సావిన్యాన్ కావాలి, లేకపోతే వైన్ చప్పగా తేలిపోతుంది. ఎర్రవాటికి కారం తగ్గించిన మటన్ వేపుడు, కబాబ్ మంచిది. ఆవకాయకి మాత్రం ఏదీ జత కుదరదని నా అభిప్రాయం, అది పెరుగన్నంతోనే ఉండనివ్వండి.

13. ముగించే ముందు

- డ్రైవింగ్: మన చట్టంలో పరిమితి 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు, ఉమ్మినా కొంత లోపలికి వెళ్తుంది. క్యాబ్, మెట్రో తప్ప ఇంకోటి వద్దు. మెట్రో అయితే ఆఖరి ట్రైన్ టైమ్ పిలిచే మెసేజ్‌లోనే పెట్టండి.
- మిగిలినవి: కార్క్ బిగించి, ఎర్రవైనా సరే ఫ్రిజ్‌లో నిలబెట్టండి. రెండు మూడు రోజులు ఉంటాయి, బుడగలది మర్నాటికే చప్పబడుతుంది.
- గ్లాసులు: రాత్రే నీళ్లతో కడిగి వదిలెయ్యండి, సబ్బుతో తోమడం పొద్దున, రాత్రి తోమితే కాడలు విరుగుతాయి.
- కాగితాలు: అందరి నోట్స్ ఫొటో తీసి, పక్కనే సీసా పేరు, సంవత్సరం, షాపు, ధర, ఆ రోజు పోసిన టెంపరేచర్ రాసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. తర్వాతిసారి అదే సీసా వచ్చినప్పుడు పాత నోట్స్ ముందే చూపించకండి, కొత్తవి రాశాకే తియ్యండి.